గుడ్డ యాడ

మే 10, శనివారం

ఈ మధ్యాహ్నం చెంగన్నను మట్టి చేశారు.

పాలు రెండు ప్యాకెట్లు వచ్చాయి. ఒకటి విరిగిపోయింది. ఈ రోజుకు లెక్క ఇంతే.

నిన్న రేణిగుంట రోడ్డులో ధనశేఖర్ గారి కళ్యాణ మండపంలో పెళ్లి. వంటలు కింద, భోజనాల హాలు పైన. గంగాళాలు పైకి చేర్చే హైడ్రాలిక్ లిఫ్టు ఈయనా చెంగన్నా కలిసి బిగించిందే. ఏ లిఫ్టయినా ఇద్దరిదీ ఒకే పద్ధతి. ఈయన కరెంటు పని చూస్తారు, చెంగన్న ఆయిలు పని చూస్తాడు. చూసేవాడు.

మధ్యాహ్నం రెండో పంక్తి నడుస్తుండగా లిఫ్టు రెండు అంతస్తుల నడుమ ఆగిపోయింది. మోటారు కాలింది. మెట్ల కింద మోటారు గదంతా ఆయిలు పొగ. లిఫ్టులో గిన్నెలు కడిగే ఆడవాళ్లు ఇద్దరు ఇరుక్కున్నారు. చెంగన్న ఆ గదిలోకి పోయి, లిఫ్టును చేత్తో దించే వాల్వును నొక్కి పట్టుకున్నాడు. నొక్కినంతసేపే ఆయిలు కిందికి జారుతుంది, చెయ్యి తీస్తే లిఫ్టు ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. అది నేలకు తగిలేదాకా ఆయన చెయ్యి తీయలేదు. ఆడవాళ్లు నడుచుకుంటూ బయటికి వచ్చారు. చెంగన్న రాలేదు. సామాను కోసం వెళ్లిన ఈయన అప్పుడే వచ్చి బయటికి లాగారట. ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది.

కొర్లగుంటలో వాళ్లింటికి పొద్దున్నే వెళ్లాం. సుబ్బులమ్మ వదిన గడపలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మమ్మల్ని చూసి ఒకే మాట అడిగింది.

"గుడ్డ యాడ?"

ఈయన తల వంచుకున్నారు. శవం మీద కప్పే కొత్త గుడ్డ ఇంకా రాలేదేమో అనుకున్నాను. అలాంటి పనులకు ఎవరో ఒకరు పరిగెత్తాలి కదా. ఆటో ఎక్కి గాంధీ రోడ్డుకు పోయి తెల్ల పంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. వదిన దాన్ని చూసింది, నన్ను చూసింది, పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి చూస్తే చెంగన్న మీద అప్పటికే కొత్త గుడ్డ కప్పి ఉంది. తొందరలో గమనించలేదు.

మే 11, ఆదివారం

చర్చికి పోలేదు. ఈయన అరచేతిలో బొబ్బ. పసుపూ నూనే రాస్తానంటే చెయ్యి ఇవ్వలేదు.

నెల్లూరు నుంచి లోహిత ఫోను చేసింది. నర్సింగు కాలేజీలో పరీక్షలట. "నాయన ఎట్ల ఉండాడుమా?" అంది. బాగున్నారని చెప్పాను.

మే 12, సోమవారం

బట్టలు ఉతికాను. శుక్రవారం నాటి చొక్కా రెండు రోజులు విడిగా నానబెట్టినా ఆయిలు మరక పోలేదు. నానబెట్టే ముందు జేబులు చూడడం నా అలవాటు. చూశాను. అందులో గుడ్డ పేలిక ఉంది.

ఈ పేలికలు నా పాత ఎర్ర రవికవి. చించి ఇచ్చింది నేనే. పెళ్లయిన కొత్తలో ఈయన బోరు మోటార్లకు స్టార్టర్లు బిగించే పని చేసేవారు. ప్యానెల్లో రిలే అని ఒకటి ఉంటుంది. మోటారు మోయలేనంత కరెంటు లాగినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, మోటారు కాలిపోకుండా అదే ఆపేస్తుంది. అది చెడిపోయి మాటిమాటికీ ఆపుతుంటే పని నడవదు. అందుకని కొత్తది తెచ్చేదాకా ఒక వైరు ముక్కతో దాన్ని దాటించేస్తారు. డైరెక్ట్ ఇవ్వడం అంటారు. ఇక మోటారును ఆపేది ఏదీ ఉండదు. అలా ఒక రైతు దగ్గర డైరెక్ట్ ఇచ్చి, తీయడం మరిచిపోయి, మోటారు కాలిందట. అప్పటినుంచి ఈయన ఒక నియమం పెట్టుకున్నారు. డైరెక్ట్ ఇస్తే ప్యానెల్ పిడికి ఎర్ర గుడ్డ కట్టాలి. వైరు తీశాకే గుడ్డ విప్పాలి. గుడ్డ ఇంటికొచ్చిందంటే వైరు బయటికొచ్చినట్టే.

మీటరు బోర్డు పక్కన మేకుకు ఐదు పేలికలు వేలాడతాయి. పొద్దున జేబులో ఒకటి పెట్టి పంపడం నా పని. సాయంత్రం మేకు చూడడం నా పని. "ఒకటి తక్కువుంది" అంటాను. "ఆ, ఉండాది. ఇంకా తియ్యలేదు. రేపు తీస్తా" అంటారు. మరుసటి రోజు అది జేబులో తిరిగొస్తుంది. తిరుపతిలో లిఫ్టు పనివాళ్లందరికీ దయానంద్ గుడ్డ అంటే తెలుసు. మూడు ముళ్లు వేసి కడతారని చెంగన్న ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. "అమలా, నీ మొగుడు ఈ పొద్దు ఇంకో పెండ్లి చేసుకున్నాడుమే, నేను సాక్షి" అని నవ్వేవాడు.

గుడ్డ ఇంటికి వచ్చింది. అంటే వైరు బయటికి వచ్చింది. ఈయన తప్పు ఏమీ లేదు.

పేలికకు పొగ వాసన కొడుతోంది. రెండు సార్లు సబ్బు పెట్టాను. మూడు ముళ్లూ అట్లాగే ఉన్నాయి, ముళ్ల పక్కన చినిగి ఉంది. పాత గుడ్డ కదా. ముళ్లు విప్పేసి, చినిగిన అంచు మడిచి కుట్టాను. ఆరాక మేకుకు తగిలించాను.

మే 13, మంగళవారం

పేలికలు అన్నీ ఉన్నాయి.

మే 14, బుధవారం

ధనశేఖర్ గారు వచ్చారు. మజ్జిగ ఇచ్చాను. మండపం మూయించారట, ముందుగా ఒప్పుకున్న పెళ్లిళ్లు వేరే చోటికి పోతున్నాయట. పాపం అనిపించింది. తర్వాత ఆయన మాట్లాడిన మాటకు పాపం అనిపించలేదు.

కరెంటు తనిఖీ వాళ్లు వచ్చి ప్యానెల్ తెరిచి చూశారట. డైరెక్ట్ వైరు లోపలే ఉందట. ఫేజు ఒకటి పోయిందట, ఆపే రిలే లేక మోటారు కాలిపోయేదాకా కరెంటు లాగిందట. వైరు ఎవరు పెట్టారని అడిగితే, అక్కడ ఉన్నవాడు చెంగన్నే కాబట్టి చెంగన్నే అని ధనశేఖర్ గారు చెప్పారట. అది పోలీసుల కాగితంలో కూడా ఎక్కింది. పోయినవాడి నిర్లక్ష్యం.

"పోయినోడు ఎట్లా పోయినాడు దయానందా" అన్నారు. "ఉన్నోళ్లు బతకాల కదప్పా. ఆయప్ప తెలీక పెట్టినాడు. నువ్వు ఆడ లేవు. అంతే కదా?"

ఈయన "ఊ" అన్నారు.

గొంతులో ఏదో అడ్డం పడి ఉంటుంది. శుక్రవారం నుంచీ దగ్గుతున్నారు, ఆ పొగకి.

ఆయన వెళ్లాక గ్లాసు కడుగుతూ ఆలోచించాను. వైరు లోపలే ఉందట. గుడ్డ మా ఇంట్లో ఉంది. రెండూ ఒకేసారి నిజం కావు. ఈయన తన వైరు తీసేసి గుడ్డ తెచ్చుకుని ఉంటారు. ఆ తర్వాత ఎవరో మళ్లీ పెట్టి ఉంటారు. పెళ్లి ఇల్లు, ఎవరెవరో తిరుగుతుంటారు.

మే 16, శుక్రవారం

చెనిక్కాయలు కిలో. చింతపండు. ఫినాయిలు. లోహితకు హాస్టలు ఫీజు.

ఈయన అలాంటి మనిషి కాదు. మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె ప్లగ్గు వదులైతే కూడా దాన్ని మార్చేదాకా అన్నం తినని మనిషి.

పనికి పోవడం లేదు. ఫోను మోగితే తీయడం లేదు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో కొండ వైపు తిరిగి కూర్చుంటున్నారు. కిందికి రమ్మంటే వస్తారు, తినమంటే తింటారు.

మే 18, ఆదివారం

చర్చి నుంచి నేరుగా కొర్లగుంటకు వెళ్లాను. ఈయన రాలేదు.

సుబ్బులమ్మ వదిన దగ్గర భారతమ్మ కూర్చుని ఉంది. ఆ రోజు లిఫ్టులో ఇరుక్కున్న ఇద్దరిలో ఒకామె. రోజూ వస్తోందట. వచ్చి వదిన ఇంటి గిన్నెలు కడిగిపెట్టి పోతోందట. వద్దంటే వినడం లేదట.

ఆమె చెప్పింది. లిఫ్టు ఆగినప్పుడు చీకటి, కింద నుంచి పొగ. ఇద్దరూ కేకలు వేశారు. అప్పుడు కింద నుంచి చెంగన్న గొంతు వినిపించింది. "బయపడబాకండిమే, దింపుతా ఉండా." లిఫ్టు మెల్లగా కదిలింది. నిదానంగా, చాలా నిదానంగా వచ్చిందట. "దగ్గతా దగ్గతా చెప్తానే ఉన్నాడు అక్కా. దింపుతా ఉండా, దింపుతా ఉండా అని. వాకిలి తెరుసుకునే పొద్దుకి గొంతు లేదు."

వదిన అదంతా వినలేదన్నట్టు చాటలో బియ్యం ఏరుతూ ఉంది. వీధిలో ఎవరో ఆమెతోనే అన్నారట, నీ మొగుడు తెలిసీ తెలియని పని చేసి తను పోయింది గాక ఇంకో ఇద్దర్ని చంపబోయినాడు అని. అది కూడా భారతమ్మే చెప్పింది. ధనశేఖర్ గారు పంపిన బియ్యం బస్తా వదిన వెనక్కి పంపించేసిందట.

వచ్చేస్తుంటే వదిన వాకిలి దాకా వచ్చింది. పైన వేలాడే బల్బు చూపించింది.

"ఇది పోతే మీ ఆయన్నే పిలిచే వాడు అమలా. చిన్నప్పుడు వాళ్ల చిన్నాయన కరెంటు తగిలి పొయినాడంట కండ్ల ముందర. బల్బు మార్చడానికి కూడా చెయ్యి పెట్టేవాడు కాదు. నీకు తెలుసు కదా."

నాకు తెలుసు. అందరికీ తెలుసు. బల్బు మార్చినప్పుడల్లా ఈయనకు కాఫీతో పాటు చెంగన్న ఎగతాళి కూడా దొరికేది. "పెద్ద ఇంజినీరొచ్చినాడు, జరగండి జరగండి" అనేవాడు, తను మాత్రం వీధిలో నిలబడి.

ఆ రోజు మోటారు కాలుతుంటే మెయిన్ స్విచ్చి కూడా దించలేదట. దించి ఉంటే మోటారు అంత కాలేది కాదట. అది కూడా చెంగన్న నిర్లక్ష్యం కింద రాసుకున్నారు. మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేయలేని మనిషి, ప్యానెల్ తెరిచి లోపల వైరు పెట్టాడట.

ఇంటికి వచ్చాక వంట ఆలస్యమైంది. సంగటి అడుగంటింది.

మే 19, సోమవారం

చెంగన్న దినాలు. ఈయన రాలేదు. కడుపులో బాగలేదన్నారు.

కార్యం చేయించే ఆయన పటాల ముందు అన్నీ సర్ది, కొత్త బట్టలు పెట్టాల్సిన చోట కనిపించక చుట్టూ చూసి అడిగాడు. "గుడ్డ యాడమ్మా? గుడ్డ యాడ?"

అదే మాట. నేను అలవాటుగా లేచాను, వెతకడానికి. లేచి, సుబ్బులమ్మ వదిన కళ్లు చూశాను. ఆమె నన్నే చూస్తోంది.

ఆ రోజు ఆమె అడిగింది నన్ను కాదు. అడిగింది శవం మీది గుడ్డ కాదు.

ఎవరో లోపలి నుంచి పంచె, చీర తెచ్చి పెట్టారు. కార్యం నడిచింది. భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటుంటే వదిన నీళ్లు పోయడానికి వచ్చింది. పక్కన ఎవరూ లేరు. నేనే అడిగాను, ఆ రోజు అన్న ఇంటికి అన్నానికి రాలేదా అని.

"రాల్యా. ఫోను చేసినాడు. దయానంద్ గుడ్డ కట్టి పొయినాడు, రిలే తెచ్చే దాకా నేను ఈడనే కాపలా ఉండాల, నువ్వు తినేయ్ అన్నాడు." చెంబులో నీళ్లు అయిపోయేదాకా పోసింది. "స్టేషన్లో చెప్పినా. ఏం గుడ్డమ్మా, ఆడ గుడ్డ ఏమీ లేదే అన్నారు. నాకు మతి చెడిందనుకున్నారు."

"వదినా" అన్నాను.

ఆమె నా చేతులు తన కొంగుతో తుడిచింది.

మే 20, మంగళవారం

పాలు. కొత్తిమీర. వంటగదిలోనే ఉండిపోయాను. మీటరు బోర్డు వైపు పోలేదు.

మే 21, బుధవారం

పొద్దున ఇడ్లీ పెట్టి, పేలిక తీసి ప్లేటు పక్కన పెట్టాను. ఈయన దాన్ని తాకలేదు. అంచు కుట్టి ఉండడం చూశారు. నేనే కుట్టానని తెలుసుకున్నారు. అప్పుడు మొదలుపెట్టారు, ప్లేటుతోనే మాట్లాడుతున్నట్టు.

ఆ పొద్దున్నుంచీ రిలే ఊరికే పడిపోయి లిఫ్టును ఆపేస్తోందట. గంగాళాలు కిందే నిలిచిపోయాయి. పైన జనం ఆకుల ముందు కూర్చున్నారు. ధనశేఖర్ గారు పది మంది ముందర నిలబెట్టి, పెళ్లివాళ్ల ముందు నా మానం తీస్తావా అన్నారట. డైరెక్ట్ ఇచ్చారు. గుడ్డ కట్టారు. రిలే తెచ్చేదాకా బరువు తక్కువ ఎక్కించమని, మనుషుల్ని ఎక్కనీయొద్దని చెంగన్నకు చెప్పి బయలుదేరారు. ఆ సైజు రిలే ఊళ్లో దొరకలేదు. రేణిగుంట పోయారు. తిరిగి వస్తుంటే కొండకు పోయే బస్సులతో రోడ్డంతా నిలిచిపోయింది. వచ్చేసరికి మెట్ల కింద నుంచి పొగ.

పోగానే మెయిన్ దించారు. చెంగన్న వాల్వు దగ్గర పడి ఉన్నాడు. ప్యానెల్ పిడికి గుడ్డ వేలాడుతోంది. విప్పడానికి ముళ్లు రాలేదు. లాగారు. చినిగింది. జేబులో పెట్టుకున్నారు.

నేను అంతా విన్నాను. వినేటప్పుడు ఒకటే లెక్క నా తలలో నడుస్తోంది. ఏది ముందు, ఏది తర్వాత. లెక్క చూసే వాళ్లకు వరుస ముఖ్యం.

"ముందు చెంగన్నను బయటికి తీసినారా, ముందు గుడ్డ తీసినారా?" అన్నాను.

ఈయన తల ఎత్తి నన్ను చూశారు.

"తెలీదుమే" అన్నారు.

ఇడ్లీలు చల్లారిపోయాయి. కాకులకు వేశాను.

మే 22, గురువారం

తెలియకపోవచ్చు. అంత పొగలో ఎవరికి తెలుస్తుంది.

మే 23, శుక్రవారం

చిత్తూరు కరెంటు తనిఖీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సోమవారం విచారణ. ఈయన రావాలి, ధనశేఖర్ గారు రావాలి, చెంగన్న భార్య రావాలి. ఆ రోజు చెప్పిందే చివరి మాట అవుతుందట.

మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు తీస్తుంటే ఈయన వెనక నుంచి అన్నారు, కరెంటు పని చేసుకునే పర్మిట్టు పోతాదని. కేసు తన మీదికి తిరుగుతాదని. లోహిత చదువు ఇంకా రెండేండ్లుండాదని. "నేను చెప్తే ఆయప్ప లేచి వస్తాడా అమలా?"

రాడు. బట్టలు మడత పెట్టాను. కానీ సుబ్బులమ్మ వదిన రోజూ ఆ వీధిలో నడవాలి. కుళాయి దగ్గర నిలబడాలి. ఆ మాట నేను పైకి అనలేదు.

మే 24, శనివారం

పేలికకు నేను కుట్టిన కుట్టు విప్పేశాను. దారం వచ్చేసింది. మళ్లీ చినిగిన గుడ్డలా ఉంది. ముళ్లు మాత్రం మళ్లీ వేయలేకపోయాను. ఈయన వేసే మూడు ముళ్ల గురించి ఇన్నేళ్లూ వింటూనే ఉన్నాను, వేయడం ఎప్పుడూ చూడలేదు. పొగ వాసన పోయింది. ఎందుకంత బాగా ఉతికాను.

మే 25, ఆదివారం

చర్చిలో వెనక వరుసలో కూర్చున్నాను. వాక్యం చెవికి ఎక్కలేదు. నేను పోయి చెప్పేస్తే అన్న ఆలోచన వచ్చింది. విచారణకు నన్ను పిలవలేదు, అయినా తలుపు తోసుకుని పోవచ్చు. కానీ నేను చెప్తే అది నా మాట అవుతుంది. వదినకు కావలసింది నా మాట కాదు. గడపలో కూర్చుని ఆమె అడిగింది ఈయన్ని.

మే 26, సోమవారం

పొద్దున నీలం చొక్కా ఇస్త్రీ చేశాను. మేకు మీది పేలిక తీసి, ఎప్పటిలాగే జేబులో పెట్టాను. ఈయన చొక్కా తొడుక్కున్నారు, జేబు మీద చెయ్యి పడింది, ఆగింది. తీసి అవతల పెడతారేమో అని చూశాను. గుండీలు పెట్టుకున్నారు.

చిత్తూరు బస్సులో నేనూ ఎక్కాను. సుబ్బులమ్మ వదిన, భారతమ్మ ముందు సీట్లో ఉన్నారు. తిరిగి చూడలేదు. దారంతా మామిడి కాయల లారీలు. ఈయన కిటికీ వైపు, నేను ఇటువైపు.

ఆఫీసులో పిలిచినవాళ్లనే లోపలికి రానిచ్చారు. నేను వరండాలో నిలబడ్డాను. కిటికీ లోంచి టేబులూ, కూర్చున్న అధికారి భుజమూ కనిపిస్తున్నాయి. మాటలు వినపడవు. ఫ్యాను శబ్దం. ధనశేఖర్ గారు చేతులు తిప్పుతూ మాట్లాడారు. తర్వాత ఈయన వంతు. అధికారి రెండుసార్లు ఏదో అడిగారు. ఈయన జేబులో చెయ్యి పెట్టారు. పేలిక తీసి టేబులు మీద పెట్టారు. దాన్ని రెండు చేతులతో సాపు చేశారు, నేను బట్ట మడత పెట్టే ముందు చేసినట్టు.

ధనశేఖర్ గారు లేచి నిలబడ్డారు. సుబ్బులమ్మ వదిన కూర్చునే ఉంది, ఆ గుడ్డను చూస్తూ.

అందరి చేతా సంతకాలు పెట్టించారు. ఈయన పర్మిట్టు కార్డును అధికారి తీసేసుకున్నారు. పేలికను ఒక కవరులో వేసి, అంటించి, దాని మీద ఏదో రాశారు. చెంగన్న పేరు మీద రాసిన మాట ఇక నిలవదని, కొత్తగా రాస్తారని బంట్రోతు భారతమ్మకు చెప్పాడు. ఈయన్ని మళ్లీ పిలుస్తారట. ఈసారి పోలీసులు.

బయటికి వచ్చాక వరండా చివర వదిన ఈయన్ని ఆపింది. నేను మెట్ల దగ్గర ఉన్నాను. నడుమ చాలా దూరం. వదిన ఏదో అడిగింది. చిన్న మాటే. ఈయన జవాబు చెప్పారు. అది కూడా చిన్న మాటే. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తంభానికి ఆనుకుంది. భారతమ్మ వచ్చి పట్టుకుంది. ఈయన చేతులు కట్టుకుని అట్లాగే నిలబడ్డారు, పొమ్మనే దాకా. పొమ్మనలేదు. వాళ్లే వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో చంద్రగిరి దాటాక ఈయన అన్నారు.

"నువ్వు అడిగిందే అడిగింది."

ఏం చెప్పారో నేను అడగలేదు. నా దగ్గర తెలీదన్న మనిషి ఆమెకు జవాబు చెప్పారు. నాకు అంత వరకు చాలు.

మే 29, గురువారం

నిన్న కొర్లగుంటకు పోయాను. వదిన లోపలే ఉంది. ఆమె కూతురు మునిలక్ష్మి వాకిట్లోకి వచ్చి, అమ్మ పడుకోనుంది, ఇప్పుడిప్పుడే రావద్దు పిన్నీ అంది. మెత్తగానే అంది. వాకిట్లో బల్బు పోయి ఉంది. మధ్యాహ్నం కదా, అవసరం లేదు. వీధి చివర కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు చెంగన్న గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయప్ప చెయ్యి తియ్యలేదంటమే అంటోంది ఒకామె. నన్ను చూసి ఆగిపోయారు.

ఈ రోజు మళ్లీ అన్నీ రాస్తున్నాను. పాలు, పెరుగు, వంకాయలు, గ్యాసు బుక్ చేశాను. లోహితకు నిజం చెప్పాను. అంతా విని, నాయన తిన్నాడా అని అడిగింది.

సాయంత్రం దీపం వేస్తూ మీటరు బోర్డు వైపు చూశాను. అలవాటు. మేకుకు నాలుగే ఉన్నాయి.

"ఒకటి తక్కువుంది" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఈయన మిద్దె మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎప్పటి జవాబే ఇచ్చారు.

"ఆ, ఉండాది. ఇంకా తియ్యలేదు."

రేపు తీస్తా అని మాత్రం అనలేదు.